కరోనా వేళ పాఠకుల ప్రశ్నలు: పాలప్యాకెట్ నుంచి ఊరి పొలిమేర దాకా

2020 మే రెండవ వారం

తపాలా సరిగా నడవకపోవడం వల్ల ఈసారి మీ ఉత్తరాలన్నీ వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ వచ్చాయి. ఉగాది నాడు మొదలైన దేశవ్యాప్త లాక్‌డౌన్ రెండుసార్లు పొడిగింపు పొంది ఈ నెల 17 వరకు, తెలంగాణలోనైతే 29 వరకు సాగనున్న ఈ సమయంలో, వ్యాధి లక్షణాలను గురించి అడిగినవారికంటే, వ్యాధి భయం వల్ల ఇంట్లోనూ వీధిలోనూ ఊళ్లోనూ వచ్చిపడిన చిక్కులను గురించి అడిగినవారే ఎక్కువమంది. అందువల్ల వైద్యుడిగా నాకు తెలిసినవాటితోపాటు, ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉన్న సంగతులను కూడా అవసరమైన చోట చేర్చాను. ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. మావారికి కిరాణా దుకాణం ఉంది కాబట్టి ఆయన రోజూ బయటికి వెళ్లక తప్పదు. కూరగాయలను సబ్బుపొడి నీళ్లలో నానబెడుతున్నాను, పాలప్యాకెట్లను డెటాల్‌తో తుడుస్తున్నాను, నోట్లను ఇస్త్రీ చేసి బీరువాలో పెడుతున్నాను. రాత్రి పడుకునేసరికి నడుము విరిగిపోతోంది. ఇంకా ఏమైనా చేయాలా? (గృహిణి, తెనాలి)

జవాబు: ఇంకా చేయవలసినవి కొన్ని ఉన్నాయమ్మా, కానీ దానికి ముందు మానేయవలసినవి ఉన్నాయి. కూరగాయలను సబ్బుపొడి నీళ్లలో నానబెట్టడం ఈ రోజే మానేయండి. ఆకుకూరల మడతల్లోనూ వంకాయ తొడిమ కిందా చేరిన సబ్బు ఎంత కడిగినా పూర్తిగా పోదు. అది కడుపులోకి వెళ్లి విరేచనాలు పట్టుకుంటే, షుగరు ఉన్న పెద్దావిడకు అది చిన్న సంగతి కాదు. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడిగితే చాలు. తినే పదార్థాల ద్వారా ఈ వ్యాధి సోకుతుందనడానికి ఇంతవరకు ఆధారం లేదు.

ప్లాస్టిక్ మీదా స్టీలు మీదా ఈ వైరస్ మూడు రోజుల వరకు, అట్టపెట్టె మీద ఒక రోజు వరకు నిలిచి ఉంటుందని మార్చి నెలలో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించిన ఫలితం మన పత్రికలన్నిటిలో వచ్చింది. అదే పరిశోధనలో ప్లాస్టిక్ మీద ఉన్న వైరస్ సుమారు ఏడు గంటలకొకసారి సగానికి సగం తగ్గిపోతున్నట్లు కూడా తేలింది గాని, ఆ మాట అంతగా ప్రచారం కాలేదు. పాలప్యాకెట్‌ను మామూలు నీళ్లతో కడిగి, ఆ తరువాత మీ చేతులను సబ్బుతో 20 సెకన్లు తోముకుంటే, ప్యాకెట్ మీద ఏది ఉన్నా మీ ముక్కు దాకా రాదు. వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది కనుక బట్టల సబ్బు సైతం దానిని విడగొట్టేస్తుంది. ఖరీదైన శానిటైజర్ దొరకలేదని బెంగపడకండి. నోట్లను ఇస్త్రీ చేయనక్కరలేదు. వాటిని లెక్కపెట్టాక చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

నాకు ఆందోళన కలిగిస్తున్నది మీవారి దుకాణం. రోజుకు ఎంతోమంది కౌంటరు మీదికి వంగి ఆయన ముఖంలో ముఖం పెట్టి సరుకుల చీటీ చదువుతారు. రాత్రి ఆయన ఇంటికి వచ్చి తలుపులు వేసిన గదిలో, ఏసీ పెట్టుకుని, తల్లి పక్కన కూర్చుని వార్తలు చూస్తారు. ఈ వ్యాధి ప్రధానంగా దగ్గరగా, చాలాసేపు, మాటల్లోనూ దగ్గులోనూ వెలువడే తుంపరల ద్వారా సోకుతోంది. మూసి ఉన్న గదులు, గుంపులు, దగ్గరి సంభాషణలు, ఈ మూడింటికీ దూరంగా ఉండమని జపాన్ ప్రభుత్వం తన ప్రజలకు పదేపదే చెబుతున్నది ఇందుకే. కాబట్టి దుకాణం ముందు ఒక బల్ల అడ్డం వేయించి, కొనేవారు ఆరడుగుల అవతల నిలబడి చీటీ పెట్టి వెనక్కి జరిగే ఏర్పాటు చేయమనండి. మాస్కు ముక్కు కిందికి జారకుండా చూసుకోమనండి. ఇంట్లో అత్తగారికి కిటికీ ఉన్న గది కేటాయించండి. ఆయన ఆమెకు మాత్రలు అందించవలసి వచ్చినప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకుంటే మంచిది. సాయంత్రం పూట కబుర్లకు వరండాలోనో డాబా మీదో ఎడంగా కుర్చీలు వేసుకోండి. ఆ కబుర్లు మాత్రం ఆపకండి. గదిలో ఒంటరిగా పెట్టి పళ్లెం గడప దగ్గర ఉంచి వెళ్లిపోతే పెద్దవాళ్లు తిండి మానేస్తారు, మాత్రలూ మానేస్తారు.

మాత్రల మాట వచ్చింది కనుక మరొకటి. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకుంటే కరోనా ముదురుతుందని ఒక ప్రచారం జరిగింది. అది నమ్మి మాత్రలు ఆపవద్దని గుండె వైద్యుల సంఘాలు మార్చిలోనే చెప్పాయి. మాత్రలు ఆపితే వచ్చే పక్షవాతం, గుండెపోటు మన కళ్లముందున్న ప్రమాదాలు. నెలకు సరిపడా మందులు ఇంట్లో ఉంచుకోండి. ఆసుపత్రికి వెళ్లడం కుదరకపోతే, వైద్యులు ఫోన్‌లోనూ వీడియోలోనూ రోగిని విచారించి మందులు రాయడానికి మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది కనుక, మీ డాక్టరును ఫోన్‌లోనే అడగండి.

ప్రశ్న: అల్లం, మిరియాలు, లవంగాలు, పసుపు వేసిన కషాయం రోజుకు నాలుగు పూటలా తాగుతున్నాం. పిల్లలకు నోట్లో పుళ్లు వచ్చాయి. మానేస్తే రోగనిరోధక శక్తి తగ్గుతుందేమోనని భయం. మలేరియా మాత్రలు కూడా తెచ్చిపెట్టుకోమని మా బంధువు చెప్పారు. (ఉపాధ్యాయుడు, కాకినాడ)

జవాబు: పిల్లలకు వెంటనే మాన్పించండి. గొంతు గరగరగా ఉన్నప్పుడు మిరియాల పాలు హాయినిస్తాయి. అందుకు నాకు అభ్యంతరం లేదు, నేనూ తాగుతాను. అవి కరోనాను అడ్డుకుంటాయని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. నాలుగు పూటలా ఘాటైన కషాయం తాగితే కడుపులో మంట, నోట్లో పూత తప్ప మరేమీ రావు. పిల్లలకు వేళకు అన్నం, పప్పు, గుడ్డు, ఈ కాలంలో దొరికే మామిడిపండు, కంటినిండా నిద్ర ఉంటే చాలు. కోడిగుడ్డు, కోడిమాంసం వల్ల కరోనా వస్తుందని ఫిబ్రవరిలో పుట్టిన వదంతి ఎంతోమంది కోళ్ల రైతులను నష్టపరిచింది. అందులో నిజం లేదు, నిశ్చింతగా తినండి.

మీ బంధువు చెప్పిన మలేరియా మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్. దానిని కరోనా రోగులను చూసే ఆరోగ్య సిబ్బందికి, రోగి ఇంటివారికి ముందుజాగ్రత్తగా ఇవ్వవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్చిలో సూచించింది, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే. గుండె లయ తప్పే ప్రమాదం ఉన్న మందు అది. పైగా, అందరూ కొని దాచుకుంటే, లూపస్ అనే వ్యాధితో, కీళ్లవాతంతో బాధపడుతూ ప్రతిరోజూ ఆ మాత్ర మీదే బతుకుతున్నవారికి దొరకకుండా పోతుంది. మీ బంధువు దగ్గర ఆ మాత్రలుంటే వేసుకోవద్దని చెప్పండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పదిహేను రోజులుగా ఇంటి యజమాని ఖాళీ చేయమంటున్నారు. మిగతా వాటాలవాళ్లు నన్ను బోరు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వడం లేదు. డ్యూటీ దిగి వచ్చేసరికి గేటుకు తాళం వేస్తున్నారు. మా పాప మూడేళ్లది. ఎక్కడికి వెళ్లమంటారు? (హైదరాబాద్)

జవాబు: ఎక్కడికీ వెళ్లవద్దు తల్లీ. మీరు ఆ ఇంట్లో ఉండే హక్కును చట్టం కాపాడుతోంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆరోగ్య సిబ్బందిని కొట్టడమే కాకుండా, వారి నివాసానికి, విధులకు ఇబ్బంది కలిగేలా వేధించడం కూడా దాని ప్రకారం హింస కిందికే వస్తుంది. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. బెయిలు సులభంగా దొరకదు. మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ముప్పై రోజుల్లో దర్యాప్తు ముగించాలి.

అయినా రేపు ఉదయమే పోలీసు స్టేషనుకు వెళ్లమని నేను చెప్పను. ఆ వాటాల్లోని వారి ముఖాలు మీరు రోజూ చూడవలసినవే కదా. ముందు మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, ఆసుపత్రి నుంచి ఒక అధికారి చేత యజమానితో ఫోన్‌లో మాట్లాడించండి. మీరు ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు (పీపీఈ కిట్టు) ఎలా వేసుకుంటారో, ఎలా విప్పుతారో, ఇంటికి బయలుదేరేముందు ఏమి చేస్తారో ఆ అధికారి చెబితే వినే అవకాశం ఉంది. వినకపోతే అప్పుడు ఆర్డినెన్స్ ప్రతితో 100కు ఫోన్ చేయండి. నీళ్లు ఆపడాన్ని మాత్రం ఒక్కరోజు కూడా సహించకండి, పసిబిడ్డ ఉన్న ఇల్లు అది.

ఆ వాటాల్లో ఎవరైనా ఈ పత్రిక చదువుతుంటే వారికి ఒక మాట. ఆసుపత్రిలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో నేర్చుకుని, ఒళ్లంతా కప్పుకుని పనిచేసే నర్సు వల్ల మీకు వచ్చే ప్రమాదం, మాస్కు లేకుండా మెట్ల మీద నిలబడి మాట్లాడుకునే మీ అందరి వల్ల మీకు వచ్చే ప్రమాదం కంటే ఎక్కువ కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరాడని రోజు వస్తే, ఆ మంచం పక్కన నిలబడేది ఆమే.

ప్రశ్న: మా పెద్దబ్బాయి దుబాయిలో కూలి పని చేస్తాడు. మార్చి నుంచి పని లేదు. ఒక్కో గదిలో ఎనిమిదిమంది ఉంటారట. విమానాలు వేశారంటున్నారు, వాడిని ఎలా తెచ్చుకోవాలి? ఇంకో బాధ ఏమిటంటే, వాడు వస్తే ఊళ్లోకి రానివ్వబోమని మా ఊరివాళ్లు ఇప్పటి నుంచే అంటున్నారు. మార్చిలో పొలిమేరల్లో ముళ్లకంపలు వేసినప్పుడు నేను కూడా సాయం పట్టినవాడినే. (రైతు, జగిత్యాల జిల్లా)

జవాబు: విదేశాల్లో చిక్కుకుపోయిన భారతీయులను తీసుకురావడానికి వందే భారత్ పేరుతో ఈ నెల 7 నుంచి విమానాలు నడుస్తున్నాయి. మీ అబ్బాయి తానే తన ఫోన్ నుంచి భారత రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఉద్యోగం పోయిన సంగతి, ఆరోగ్య సమస్యలుంటే అవి స్పష్టంగా రాయాలి. గర్భిణులు, వృద్ధులు, చికిత్స అవసరమైనవారు, పని పోయిన కూలీలు, ఇలాంటివారికి ముందు అవకాశం ఇస్తున్నారు. టికెట్ డబ్బు ప్రయాణికుడే పెట్టుకోవాలి. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లు తప్పక తయారవుతారు. రాయబార కార్యాలయం నుంచి పిలుపు రానిదే ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టకండి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటే ఇప్పుడే అడిగి తీసుకోమనండి. రావలసిన జీతం బకాయి ఎంతో కాగితం మీద రాయించుకుని, కనీసం ఫోటో తీసుకుని రమ్మనండి. వచ్చేశాక అక్కడి నుంచి డబ్బు రాబట్టడం చాలా కష్టం.

వచ్చేదాకా ఆ గదిలో జాగ్రత్తగా ఉండాలి. ఎనిమిదిమంది ఉన్న గదిలో ఆరడుగుల దూరం పాటించమని చెప్పడం అర్థంలేని మాట. ఒకరి తల ఉన్న వైపు పక్క మంచం వారి కాళ్లు వచ్చేలా పడుకోవచ్చు. ఎండ తగ్గాక కిటికీ తెరిచి ఉంచవచ్చు. వంట, భోజనం వంతులవారీగా చేసుకోవచ్చు. ఎవరికైనా జ్వరమో దగ్గో మొదలైతే దాచకుండా వెంటనే క్యాంపు బాధ్యులకు చెప్పాలి. ఉద్యోగం పోతుందని దాచడం వల్ల గది మొత్తం జబ్బుపడుతుంది.

ఇక ఊరి సంగతి. విదేశం నుంచి దిగినవారిని నేరుగా ఇంటికి పంపరు. విమానాశ్రయంలో పరీక్షించి 14 రోజులు క్వారంటైన్ కేంద్రంలో ఉంచుతారు. ఆ ఖర్చు కూడా ప్రయాణికులదే అని ప్రస్తుత నిబంధన చెబుతోంది కాబట్టి, మీరు భరించలేని పరిస్థితి ఉంటే ముందుగానే కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇచ్చి అడగండి. వైరస్ సోకినవారిలో చాలామందికి ఐదారు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి, దాదాపు అందరికీ 14 రోజుల్లోపు. అందుకే ఆ గడువు పెట్టారు. అది ముగిశాక మీ అబ్బాయి వల్ల ఊరికి వచ్చే ప్రమాదం, వారం వారం కరీంనగర్ వెళ్లి వచ్చే ఎరువుల వ్యాపారి వల్ల వచ్చేదానికంటే ఎక్కువ కాదు.

మీరు కంప వేసినవారిలో ఉన్నానన్నారు కనుక ఊరితో మాట్లాడగలవారు మీరే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఊళ్లలో ఎన్ని మేడలు, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని బోర్లు గల్ఫ్ డబ్బుతో వచ్చాయో మీ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. సర్పంచితో, ఆశా కార్యకర్తతో కలిసి ఇప్పుడే ఒక ఏర్పాటు చేయండి. బడి మూసి ఉంది కాబట్టి, వచ్చినవారు అదనంగా మరి కొన్ని రోజులు విడిగా ఉండాలని ఊరు కోరితే ఆ బడిని శుభ్రం చేయించి, ఫ్యాను, మరుగుదొడ్డి, భోజనం ఏర్పాటు చేసి ఉంచవచ్చు. మీ కొడుకు ఒక్కడి కోసమని కాకుండా, రాబోయే అందరి కోసమని అడగండి. ఆ ఊళ్లో గల్ఫ్‌కు వెళ్లినవారు మీ ఇంట్లో ఒక్కరే ఉండరు కదా.

ప్రశ్న: నాన్నగారు ఏప్రిల్‌లో రాజమహేంద్రవరంలో గుండెపోటుతో పోయారు. నేను పుణేలో ఉన్నాను. పాస్ వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తమ్ముడే తలకొరివి పెట్టాడు. నేను వీడియో కాల్‌లో చూశాను. కరోనాయేమోనని భయపడి చుట్టుపక్కలవాళ్లు పాడె మోయడానికి కూడా రాలేదట. కాశీలో కలపాలన్నది నాన్నగారి కోరిక. అస్థికలు ఇంటి ఆవరణలో కుండలో కట్టి ఉంచితే ప్రమాదమని ఇప్పుడు కొందరు అంటున్నారు. పెద్దకొడుకునై ఉండి ఏమీ చేయలేకపోయాను. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: మీ చివరి మాటకు ముందుగా జవాబు చెబుతాను. మీరు వెళ్లకపోవడానికి కారణం మీ నిర్లక్ష్యం కాదు. రైళ్లు, విమానాలు, బస్సులు అన్నీ ఆగిపోయిన నెల అది. ఎక్కడివారిని అక్కడే ఆపేసిన ప్రభుత్వ ఆజ్ఞ అది. పెద్దకొడుకు అందుబాటులో లేనప్పుడు మరొక కొడుకు కర్మ చేయడం మన ఆచారంలో ఎప్పటి నుంచో ఉన్నదే. చేయవలసినవి మిగిలాయని మీకు అనిపిస్తే, మీ ఇంటి పురోహితుడిని అడిగి, మాసికాల్లో గాని సంవత్సరీకంలో గాని మీరు స్వయంగా కూర్చోండి.

అస్థికల వల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. కరోనాతో మరణించినవారి విషయంలో పాటించవలసిన పద్ధతులను కేంద్ర ఆరోగ్యశాఖ మార్చి 15న ప్రకటించింది. చితాభస్మం వల్ల ప్రమాదం లేదని, దానిని సేకరించి కర్మలు చేసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. కరోనా మృతుల విషయంలోనే అలా చెప్పినప్పుడు, గుండెపోటుతో పోయిన మీ నాన్నగారి విషయంలో ఎవరి అభ్యంతరానికీ తావు లేదు. ఆ కుండను ఎక్కడ ఉందో అక్కడే ఉంచండి. రైళ్లు మామూలుగా నడిచే రోజు వస్తుంది, అప్పుడు మీరూ మీ తమ్ముడూ కలిసి కాశీ వెళ్లండి. అందాకా ఆగలేమనిపిస్తే, గోదావరి మీ గుమ్మం ముందే ఉంది.

ఇటువంటి ఉత్తరాలు మరికొన్ని కూడా వచ్చాయి కాబట్టి అందరికీ ఉపయోగపడేలా ఆ మార్గదర్శకాల్లోని మరికొన్ని విషయాలు చెబుతాను. కరోనాతో మరణించినవారి ముఖాన్ని బంధువులు చివరిసారి చూడవచ్చు. సిబ్బంది సంచి పైభాగాన్ని తెరిచి చూపిస్తారు. మంత్రాలు చదవడం, తీర్థం చిలకరించడం వంటి, తాకనవసరం లేని కార్యాలన్నీ చేసుకోవచ్చు. స్నానం చేయించడం, ముద్దుపెట్టుకోవడం, కౌగిలించుకోవడం మాత్రం కూడదు. లాక్‌డౌన్ నిబంధనల ప్రకారం అంత్యక్రియలకు ఇరవైమందికి మించకూడదు. మృతదేహం దగ్గదు, మాట్లాడదు, ఊపిరి వదలదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, మృతదేహాన్ని ఊళ్లోకి రానివ్వబోమనీ మా శ్మశానంలో వద్దనీ జరిగే గొడవలు ఉండవు. నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు గత నెలలో చెన్నైలో ఈ వ్యాధితో మరణిస్తే, ఆయన దహనానికి అక్కడి స్థానికులు అడ్డుపడ్డారన్న వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక మీ తమ్ముడి గురించి. మోసేవారు లేని పాడెను ఆయన ఎవరిని బతిమాలి లేవదీయించాడో, ఆ రోజు ఆయనకు ఎవరు తోడున్నారో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీరు ఇంకా అడగలేదేమో. మీరు రాలేకపోయానని బాధపడుతున్నట్లే, ఆయనా ఒంటరిగా మోయవలసి వచ్చిందని బాధపడుతూ ఉంటాడు. ఈ రాత్రి ఫోన్ చేసి ఆయన్ను మాట్లాడనివ్వండి.

ప్రశ్న: ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నాను. ఇంకా రెండు లక్షలు కట్టాలి. మూడు నెలలు కట్టనక్కరలేదని టీవీలో చెప్పారు, అంటే ఆ మూడు వాయిదాలు మాఫీ అయినట్లేనా? ఫైనాన్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇంటద్దె కూడా రెండు నెలలు బాకీ. (ఆటో డ్రైవర్, వరంగల్)

జవాబు: మాఫీ కాదు తమ్ముడూ, వాయిదా మాత్రమే. మార్చి 1 నుంచి మే 31 లోపు కట్టవలసిన కంతులను మూడు నెలలు వెనక్కి జరిపే వెసులుబాటు ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు మార్చి 27న బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు అనుమతి ఇచ్చింది. ఆ మూడు నెలలకూ వడ్డీ లెక్క ఆగదు. మీ రెండు లక్షల మీద ఏడాదికి నూటికి 12 చొప్పున వడ్డీ అనుకుందాం. మొదటి నెల 2,000 రూపాయలు అసలుకు చేరి, దాని మీద మళ్లీ వడ్డీ పడుతూ, మూడు నెలల తరువాత బాకీ సుమారు 2,06,060 రూపాయలు అవుతుంది. మీ వడ్డీ శాతం ఇంకా ఎక్కువైతే ఆ భారం కూడా ఎక్కువే.

కాబట్టి చేతిలో డబ్బు ఉంటే కట్టేయడమే మేలు. లేకపోతే, ఆటో నడవని ఈ రోజుల్లో కంతు కోసం రోజువడ్డీకి అప్పు చేయకండి, వాయిదా తీసుకోండి. అది మీకు దానంతట అదే రాదు. రిజర్వ్ బ్యాంకు ఇచ్చింది అనుమతి కనుక, కంపెనీ మీకు ఒప్పుకోవాలి. వారికి మెసేజ్ గాని మెయిల్ గాని పంపి, ఒప్పుకున్నట్లు జవాబు తెప్పించుకుని దాచుకోండి. ఒప్పుకున్నాక ఆ మూడు నెలలు కట్టనందుకు మిమ్మల్ని ఎగవేతదారుగా చూపకూడదు, అప్పు తీర్చే తీరును నమోదు చేసే సిబిల్ లెక్కల్లోనూ చెడ్డపేరు రాకూడదు. చేబదుళ్లకు, ఇరుగుపొరుగు వేసుకున్న చిట్టీలకు ఈ వెసులుబాటు వర్తించదు. వాటి సంగతి మనిషిని కలిసి మాట్లాడుకోవలసిందే.

అద్దె విషయంలో తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దె కోసం ఒత్తిడి చేయకూడదు. ఆ బాకీని తరువాత వడ్డీ లేకుండా కొద్దికొద్దిగా తీసుకోవాలి. ఇది కూడా మాఫీ కాదు. ఆ ఒక్క వాటా అద్దె మీదే బతికే ముసలి యజమానులు కూడా ఉంటారు కనుక, ఎప్పటి నుంచి నెలకు ఎంత కలిపి ఇస్తారో మీరే ముందుగా చెప్పండి. తెల్లకార్డు ఉంటే మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు వచ్చాయో లేదో చూసుకోండి. మీ ఇల్లాలి పేరిట జన్‌ధన్ ఖాతా ఉంటే ఏప్రిల్ నుంచి జూన్ వరకు నెలకు 500 రూపాయల చొప్పున కేంద్రం వేస్తోంది.

ప్రశ్న: నా భర్త పదిహేనేళ్లుగా తాగుతారు. దుకాణాలు మూసేశాక మొదటి వారం చేతులు వణికి, నిద్రపట్టక, గోడల మీద ఏవో పాకుతున్నాయని అరిచారు. తరువాత తేరుకున్నారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆరు వారాలు పిల్లలతో కూర్చుని అన్నం తిన్నారు. ఇప్పుడు దుకాణాలు తెరిచారు. రెండు రోజులు ఆగి, మూడో రోజు వెళ్లారు. ధర పెరిగింది కదా మానేస్తారని ఆశపడ్డాను. అన్నంలో కలిపే మందు ఏదైనా చెప్పండి. (కర్నూలు జిల్లా)

జవాబు: అన్నంలో కలిపే మందు చెప్పలేను చెల్లెమ్మా. మద్యం మాన్పించే ఒక రకం మాత్ర కడుపులో ఉండగా, ఆ సంగతి తెలియని మనిషి తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆయనకు చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఏ మందైనా.

మొదటి వారం మీరు చూసినది, రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మద్యం ఆగినప్పుడు వచ్చే స్థితి. మార్చి చివర హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇదే కారణంతో వచ్చినవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. మూర్ఛలు వచ్చి మరణించే ప్రమాదం కూడా ఉన్న స్థితిని ఆయన ఆసుపత్రి లేకుండానే దాటారు. ఈసారి మళ్లీ ఆపినప్పుడు అలా ఇంట్లో ఉంచకండి. వణుకు మొదలైన రోజే 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ నాలుగైదు రోజులూ వాడే మందులు ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ధరలను రెండు విడతలుగా 75 శాతం పెంచారు. సరదాకు తాగేవారు దానివల్ల తగ్గిస్తారేమో గాని, వ్యసనంలో ఉన్నవారు తాగుడు తగ్గించరు. ఇంట్లో ఖర్చు తగ్గిస్తారు. కాబట్టి జన్‌ధన్ డబ్బు, రేషన్ డబ్బు మీ చేతిలోనే ఉంచుకోండి. అయినా నాకు ఆశ కలిగించిన మాట మీ ఉత్తరంలో ఒకటి ఉంది. దుకాణం తెరిచినా ఆయన రెండు రోజులు ఆగారు. మానాలన్న కోరిక లేని మనిషి మొదటి రోజే క్యూలో నిలబడేవాడు. ఆయన తాగని వేళ, ఉదయం పూట, ఆ ఆరు వారాల్లో పిల్లలు ఎలా ఉన్నారో చెప్పి, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని ఒక్కసారి కలుద్దామని అడగండి. ఆరు వారాలు మానిన శరీరానికి పాత మోతాదు ఎక్కువవుతుంది, ఆ ప్రమాదం కూడా చెప్పండి. శానిటైజర్ సీసా ఆయనకు కనబడేలా ఉంచకండి.

కొడతారా అన్నది మీరు రాయలేదు. కొడితే మాత్రం 181కి ఫోన్ చేయండి. ఆ నంబరు లాక్‌డౌన్‌లోనూ పనిచేస్తోంది. ఆ ఫోన్ చేసినంత మాత్రాన కాపురం కూలిపోతుందని ఎవరు చెప్పినా వినకండి.

ప్రశ్న: పదో తరగతి పరీక్షల్లో తెలుగు, హిందీ రాశాక మిగతావి ఆపేశారు. ఇక జరగవని ఒకరు, జరుగుతాయని ఒకరు అంటున్నారు. పుస్తకం తెరిస్తే ఏడుపొస్తోంది. (విద్యార్థిని, సూర్యాపేట)

జవాబు: హైకోర్టు అనుమతి తీసుకుని, విద్యార్థులను దూరదూరంగా కూర్చోబెట్టి మిగతా పరీక్షలు జరుపుతామని ప్రభుత్వం ఈ నెల మొదట్లో చెప్పింది. తేదీలు ఇంకా రాలేదు. తేదీ రాగానే బడి నుంచి మీకు కబురు వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే తేదీలను నమ్మకు తల్లీ. అప్పటిదాకా రోజంతా చదవమని నేను చెప్పను. ఉదయం రెండు గంటలు లెక్కలు, సాయంత్రం ఒక గంట సైన్సు, ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లో వచ్చే పాఠం ఒకటి చాలు. మార్చిలో నువ్వు చదివింది ఎక్కడికీ పోలేదు. ఏడుపు రోజూ వస్తూ, నిద్ర పట్టకుండా ఉంటే అమ్మకు చెప్పు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదో నెలలో వేయించవలసిన టీకా లాక్‌డౌన్ వల్ల తప్పిపోయింది. ఇప్పుడు పదకొండో నెల. ఆసుపత్రికి తీసుకెళ్తే కరోనా అంటుకుంటుందని మా అత్తయ్య వద్దంటున్నారు. (విజయనగరం జిల్లా)

జవాబు: ఆ టీకా తట్టు, రుబెల్లా వ్యాధులకు వేసేది. దాన్ని ఇంకా ఆలస్యం చేయకండి. తట్టు వచ్చిన ఒక బిడ్డ గదిలో నుంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉండవచ్చు. టీకా లేని పిల్లల్లో ఒకరి నుంచి పన్నెండు మొదలు పద్దెనిమిదిమంది దాకా సోకుతుంది. కరోనా పసిపిల్లల్లో చాలావరకు తేలికగా పోతుండగా, తట్టు వారికి నిమోనియా తెచ్చిపెడుతుంది. మీ అత్తయ్యగారి కాలంలో తట్టు పోసి పోయిన పిల్లలు ఊరూరా ఉండేవారు. ఆ సంగతి ఆవిడకు గుర్తు చేయండి, ఆవిడే బయలుదేరదీస్తారు.

గడువు దాటితే టీకా పనికిరాకుండా పోతుందని కొందరు అనుకుంటారు. అలా ఏమీ లేదు, ఆలస్యమైనా వేయవచ్చు, మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. ఈ టీకాతోపాటు ఇచ్చే విటమిన్ ఏ చుక్కలు కూడా అడగండి. పెద్దాసుపత్రికి వెళ్లవద్దు. మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు గాని ఆశా కార్యకర్తకు గాని ఫోన్ చేసి ఏ రోజు, ఏ వేళ రమ్మంటారో కనుక్కోండి. బిడ్డతో ఒక్కరే వెళ్లండి, మీరు మాస్కు పెట్టుకోండి, రెండేళ్లలోపు బిడ్డకు మాస్కు పెట్టకూడదు. చెట్టు కిందో వరండాలోనో నిలబడి మీ వంతు రాగానే లోపలికి వెళ్లండి. టీకా వేశాక అరగంట అక్కడే బయట ఆగండి. ఆ రాత్రి కొద్దిగా జ్వరం రావచ్చు, దానికి కంగారుపడి కరోనా పరీక్ష కోసం పరుగెత్తకండి. పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వేయాలో ఏఎన్ఎంనే అడిగి, టీకా కార్డు మీద రాయించుకోండి.